ఫైర్ ఆఫీసర్‌కి లీడర్‌షిప్ ఎలా నేర్పిస్తారు? మాన్ గల్చ్‌లో డాడ్జ్ మాట ఎవరూ ఎందుకు వినలేదు?

ఈ టాపిక్ నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు అది చెప్తాను, ఎందుకంటే నాకూ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కీ సంబంధం ఏంటని మీకు డౌట్ వస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్న రోజులు. రాత్రి రెండు గంటలకి ఫోన్ మోగింది. ప్రొడక్షన్ డౌన్, పేమెంట్స్ ఆగిపోయాయి. కాల్‌లో జాయిన్ అయ్యేసరికి అప్పటికే ముప్పై మంది ఉన్నారు. ఒకడు "అన్నా, నేను సర్వర్ రీస్టార్ట్ చేస్తున్నా" అంటాడు. ఇంకొకడు "ఆగరా బాబూ, నేను దాని మీదే లాగ్స్ తీస్తున్నా" అని అరుస్తాడు. మా అందరిలో బాగా పని తెలిసిన సీనియర్ ఉన్నాడు, ఆయన మ్యూట్‌లో పెట్టుకుని కోడ్ రాస్తున్నాడు. పని వచ్చిన మనిషి పనిలో మునిగిపోయాడు కాబట్టి, మొత్తం సీన్ చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. అరగంటలో అయిపోవాల్సింది తెల్లారేదాకా సాగింది.

ఆ తర్వాత మాకు కొత్త రూల్ పెట్టారు. ఇలాంటిది జరిగితే ఒకరు "ఇన్సిడెంట్ కమాండర్"గా ఉండాలి, ఆ మనిషి కీబోర్డ్ ముట్టుకోకూడదు. నాకు నవ్వొచ్చింది. కోడ్ రాసుకునేవాళ్ళకి కమాండర్ ఏంటి, మిలిటరీ పేర్లు ఏంటి అని. తర్వాత వెతికితే తెలిసింది, ఆ మాట ఫైర్ సర్వీస్‌ది. 1970లో కాలిఫోర్నియాలో 13 రోజుల పాటు అడవులు, ఊళ్ళు కాలాయి. 16 మంది చనిపోయారు, 700కి పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఫైరింజన్లు చాలానే వచ్చాయి. కానీ ఒక డిపార్ట్‌మెంట్ రేడియో ఇంకో డిపార్ట్‌మెంట్‌కి వినపడదు, ఒకళ్ళు వాడే మాట ఇంకొకళ్ళకి అర్థం కాదు, ఎవరు ఎవరికి చెప్పాలో తెలీదు. మా రాత్రి రెండు గంటల కాల్ లాగే అన్నమాట. ఆ దెబ్బ తర్వాత ఫైర్‌స్కోప్ అనే ప్రోగ్రాం పెట్టి, అందులోంచి ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ తయారు చేశారు. ఒక మనిషి కింద మామూలుగా ఐదుగురు, మరీ ఎక్కువైతే ఏడుగురు, అంతకు మించితే మధ్యలో ఇంకో లీడర్ ఉండాలి, ఇలాంటి రూల్స్ అన్నీ దాంట్లోవే.

సరే, సిస్టమ్ అంటే కాగితం మీద బాక్సులు గీయడం. అది మనం కూడా గీస్తాం. నాకు ఇంట్రెస్ట్ వచ్చింది వేరే దగ్గర. ఆ బాక్స్‌లో కూర్చునే మనిషిని ఎలా తయారు చేస్తారు? మంట ముందు నిలబడి, చేతిలో కొన్ని సెకన్లే ఉన్నప్పుడు ఒక మాట చెప్తే పది మంది వినాలి. ఆ వినడం ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి ఫైర్ ట్రైనింగ్ వాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్ళే కథ ఒకటుంది. అది చెప్తాను, కొంచెం టైం తీసుకుంటుంది.

1949 ఆగస్టు 5. అమెరికాలో మోంటానా రాష్ట్రం. మిస్సోరి నది పక్కన మాన్ గల్చ్ అని ఒక లోయ. ముందు రోజు పిడుగు పడి మంట అంటుకుంది. దగ్గర్లో ఉన్న హెలెనా ఊళ్ళో ఆ రోజు ఎండ 97 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 36. మనకి అది మార్చి నెల అనుకోండి, కానీ అక్కడ గడ్డి ఎండి కరకరలాడుతోంది.

అప్పట్లో స్మోక్ జంపర్స్ అని ఉండేవాళ్ళు, ఇప్పటికీ ఉన్నారు. విమానంలోంచి పారాచ్యూట్‌తో అడవిలోకి దూకి మంట ఆర్పేవాళ్ళు. ఆ రోజు 15 మంది దూకారు. ఫోర్‌మ్యాన్ పేరు వాగ్నర్ డాడ్జ్, వయసు 33. మిగతావాళ్ళలో చాలామంది ఇరవై దాటీ దాటని కుర్రాళ్ళు. ఒకడికైతే 17 ఏళ్ళే. రేడియో కట్టిన పారాచ్యూట్ తెరుచుకోలేదు, రేడియో నేలకి కొట్టుకుని ముక్కలైంది. కింద జేమ్స్ హారిసన్ అనే ఫారెస్ట్ గార్డ్ కలిశాడు. మొత్తం 16 మంది.

మంట లోయకి అవతలి గట్టు మీద ఉంది. పై నుంచి చూస్తే మామూలు మంటే. డాడ్జ్ హారిసన్‌ని కలవడానికి వెళ్ళాడు, టీమ్‌ని అసిస్టెంట్‌కి అప్పజెప్పాడు. మళ్ళీ వెనక్కి వచ్చి సామాన్లు దింపిన చోట ఏదో తిన్నాడు. టీమ్ ముందుకి నడుస్తోంది, రెండు ముక్కలుగా విడిపోయి ఉంది. వాళ్ళలో ఒకతను కెమెరా తీసి మంటని ఫొటోలు తీస్తున్నాడు. ఈ రెండు డీటెయిల్స్ గుర్తుపెట్టుకోండి, తినడం, ఫొటోలు.

డాడ్జ్ వచ్చి టీమ్‌ని మళ్ళీ కలుపుకుని నది వైపు దింపుతున్నాడు. సుమారు 5:45కి ముందుకి చూస్తే, మంట లోయ దాటేసి వీళ్ళ వైపు గట్టు మీదే, వీళ్ళకీ నదికీ మధ్యలో ఉంది. గాలి దాన్ని పైకి తోస్తోంది. వెంటనే వెనక్కి తిప్పాడు. ఇప్పుడు దారి పైకే. ఆ గట్టు ఎంత నిటారుగా ఉంటుందంటే, కొన్ని చోట్ల వంద అడుగులు ముందుకి పోతే 76 అడుగులు పైకి ఎక్కినట్టు. నడుం దాకా ఎండు గడ్డి. భుజం మీద రంపాలు, పారలు.

ఏడెనిమిది నిమిషాల తర్వాత డాడ్జ్ అరిచాడు, పనిముట్లు పడేయండని. కొంతమంది పడేశారు, కొంతమంది పడేయలేదు. ఒక్కసారి వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. మంట ఆర్పడానికి వచ్చినవాడిని పార పడేయమంటే, ఇంక నువ్వు మంట ఆర్పేవాడివి కాదు అని చెప్పినట్టు. మరి నేనెవర్ని?

ఇంకో రెండు నిమిషాలకి మంట వెనకాలే వచ్చేసింది. అప్పుడు డాడ్జ్ ఆగి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, తన ముందున్న గడ్డికి తనే నిప్పు పెట్టాడు.

అవునండీ, వెనక మంట తరుముతుంటే ముందు ఇంకో మంట పెట్టాడు.

ఆయన లాజిక్ ఏంటంటే, ఈ గడ్డి ముందే కాలిపోతే పెద్ద మంటకి ఇక్కడ తినడానికి ఏమీ మిగలదు. ఆ బూడిదలోకి దూరి పడుకుంటే పెద్ద మంట పక్క నుంచి పోతుంది. ఈ ట్రిక్ తనకెవరూ నేర్పలేదని తర్వాత విచారణలో ఆయనే చెప్పాడు. ఆ క్షణంలో తట్టింది. తను ఆ బూడిదలోకి వెళ్ళి, రండి రండి అని చెయ్యి ఊపి పిలిచాడు.

ఒక్కరూ రాలేదు. పక్క నుంచే పరిగెత్తి వెళ్ళిపోయారు.

డాడ్జ్ తడి గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని బూడిదలో బోర్లా పడుకున్నాడు. మంట మీద నుంచి పోయింది, లేచి నిలబడ్డాడు. పరిగెత్తినవాళ్ళలో రమ్సీ, శాలీ అని ఇద్దరు మాత్రం గట్టు పైనున్న రాళ్ళ మధ్య సందు దొరికి అవతలికి దాటగలిగారు. ఆ 17 ఏళ్ళ కుర్రాడు శాలీయే. మిగతా 13 మంది చనిపోయారు. హారిసన్ వాచీ ముళ్ళు 5:56 దగ్గర ఆగిపోయి ఉన్నాయి. అంటే వెనక్కి తిరిగిన దగ్గర్నుంచి లెక్కేస్తే పదకొండు నిమిషాలు.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకనిపించింది, మిగతావాళ్ళకి బుద్ధి లేదా, బాస్ పిలుస్తుంటే వెళ్ళొచ్చు కదా అని. తర్వాత సిగ్గుగా అనిపించింది. నా వెనక మంట వస్తుంటే, పెద్దగా పరిచయం లేని మనిషి ముందు ఇంకో మంట పెట్టి అందులోకి రమ్మంటే, నేను వెళ్తానా? చస్తే వెళ్ళను.

కార్ల్ వైక్ అనే ప్రొఫెసర్ 1993లో దీని మీద ఒక పేపర్ రాశారు, మేనేజ్‌మెంట్ చదివేవాళ్ళకి బాగా తెలిసిన పేపర్ అది. ఆయన చూపించింది ఇదే. ఆ 16 మంది కలిసి పనిచేసిన టీమ్ కాదు, ఆ రోజుకి కూడిన గుంపు. డాడ్జ్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నవి ఇక్కడ వస్తాయి. లీడర్ తింటున్నాడు, ఒకడు ఫొటోలు తీస్తున్నాడు. అంటే మంట పెద్దదేం కాదు అని మిగతావాళ్ళకి అర్థమైంది, ఎవరూ నోటితో చెప్పకుండానే. తర్వాత ఉన్నట్టుండి, వివరణ లేకుండా, వెనక్కి తిరగండి, పారలు పడేయండి, మంటలోకి రండి. ఒక్కో ఆర్డర్ ముందుదాని కంటే వింతగా ఉంది. డాడ్జ్ ఐడియా కరెక్టే. కానీ ఆ ఐడియాని నమ్మడానికి కావాల్సింది ఆ పదకొండు నిమిషాల్లో పుట్టేది కాదు, పొద్దున్నుంచి, ఇంకా చెప్పాలంటే సీజన్ మొదటి నుంచి కట్టుకోవాల్సింది.

అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 1957లో పది స్టాండర్డ్ ఆర్డర్స్ రాసింది, మాన్ గల్చ్‌తో సహా అప్పటిదాకా జరిగిన చావుల్ని చదివి. వాతావరణం కనుక్కో, మంట ఎక్కడుందో ఎప్పుడూ తెలుసుకో, తప్పించుకునే దారి చూసుకో, ఇలా. బాగానే ఉంది. కానీ 1994లో కొలరాడోలో స్టార్మ్ కింగ్ కొండ మీద మళ్ళీ 14 మంది చనిపోయారు. మళ్ళీ ఎండిన గట్టు, గాలి, పైకి పరుగు. రూల్స్ అందరికీ నోటికొచ్చు. అయినా జరిగింది. అప్పుడు సీరియస్‌గా ఒప్పుకున్నారు, రూల్స్ బట్టీ పట్టిస్తే సరిపోదు, మనుషుల మధ్య ఏం జరుగుతుందో కూడా నేర్పాలి అని. ఆ తర్వాతే అక్కడి అడవి మంటల ఫైర్ సర్వీస్‌లో లీడర్‌షిప్‌కి ప్రత్యేకంగా కోర్సుల వరస వచ్చింది.

ఆ వరసలో నాకు నచ్చిందేంటంటే, లీడర్ కంటే ముందు ఫాలోవర్‌తో మొదలవుతుంది. నీ పైవాడు చెప్పింది అర్థం కాకపోతే ఎలా అడగాలి, తప్పనిపిస్తే ఎలా చెప్పాలి, ప్రమాదం అనిపించిన పనిని ఎలా కాదనాలి, కాదంటే బదులుగా ఏం చేయొచ్చో ఎలా చూపించాలి. మన దగ్గర బీటెక్ నాలుగేళ్ళలో ఇది ఎవరైనా నేర్పారా? నాకైతే "సార్ చెప్పారు" అన్నదొక్కటే తెలుసు.

ఇక లీడర్‌కి నేర్పేది, ఆర్డర్‌తో పాటు మూడు విషయాలు చెప్పాలి. ఏం చేయాలి, ఎందుకు చేయాలి, పని అయిపోయాక పరిస్థితి ఎలా ఉండాలి. "ఆ గట్టు మీద గడ్డి కొట్టండి" అంటే అది ఆర్డర్. "ఆ గట్టు మీద గడ్డి కొట్టండి, మంట అవతల ఇళ్ళ వైపు పోకూడదు, చీకటి పడేసరికి అక్కడ కాలేదేమీ ఉండకూడదు" అంటే, మధ్యలో రేడియో పోయినా, లీడర్ కనపడకపోయినా, టీమ్ సొంతంగా నిర్ణయం తీసుకోగలదు. పని అయ్యాక అందరూ నిలబడే నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, ఈసారి ఏం మారుద్దాం. చిన్న మంట అయినా సరే ఇది వదలరు. చిన్న మంటల దగ్గర మాట్లాడుకోవడం అలవాటైన టీమే పెద్ద మంట దగ్గర మాట్లాడుకుంటుంది.

ఇప్పటిదాకా టీమ్ గురించి చెప్పుకున్నాం. మరి ఆఫీసర్ బుర్రలో నిర్ణయం ఎలా పుడుతుంది? దీనికి అడవి వదిలేసి ఊళ్ళోకి రావాలి.

1980ల్లో గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్, అమెరికా ఆర్మీ డబ్బుతో, ఫైర్ కమాండర్లని ఇంటర్వ్యూ చేశాడు. రెండు మూడు ఆప్షన్లు పెట్టుకుని పోల్చి చూస్తారేమో అని ఆయన అంచనా. వాళ్ళేమో మేమసలు పోల్చం, చూడగానే తెలిసిపోతుంది అన్నారు. వాటిలో ఒక కథ చాలా ఫేమస్. ఒక లెఫ్టినెంట్ టీమ్‌తో ఒక ఇంట్లోకి వెళ్ళాడు. వెనక వంటింట్లో మంట. నీళ్ళు కొట్టారు, తగ్గలేదు. మళ్ళీ కొట్టారు, తగ్గలేదు. హాల్లో వేడి మాత్రం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ, చప్పుడు మాత్రం చాలా తక్కువ. ఏదో తేడాగా ఉందని అందర్నీ బయటికి రమ్మన్నాడు. బయటికి రాగానే వాళ్ళు నిలబడిన ఫ్లోర్ కూలిపోయింది. అసలు మంట కింద బేస్‌మెంట్‌లో ఉంది. ఆ ఇంటికి బేస్‌మెంట్ ఉందనే ఆయనకి తెలీదు. తనకేదో అతీంద్రియ శక్తి ఉందనుకున్నాడట. క్లైన్ విడమర్చి చూపించాడు, శక్తి కాదు నాయనా, ఇంత మంటకి ఇంత వేడి, ఇంత శబ్దం ఉంటాయని నీ అనుభవానికి తెలుసు, ఇక్కడ లెక్క కుదరలేదు.

కానీ ఒక చిక్కుంది. అనుభవం మంటలు చూస్తే వస్తుంది. రోజూ పెద్ద మంటలు పడవు, పడకూడదు కూడా. అందుకే ఆఫీసర్ ట్రైనింగ్‌లో సిమ్యులేషన్లు, ఇసుకతో టేబుల్ మీద కొండలు లోయలు చేసి ఆడించే ఎక్సర్‌సైజులు. మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ వచ్చి గాలి మారింది అంటాడు, ఒక టీమ్ రేడియోలో పలకట్లేదు అంటాడు. చూసేవాళ్ళకి పిల్లల ఆటలా ఉంటుంది. నిజానికి అవన్నీ బుర్రలో ప్యాటర్న్‌లు నింపడానికి.

బిల్డింగ్ మంటకి వచ్చిన ఆఫీసర్‌కి మొదటి పని కూడా చూడటమే. కుదిరితే బిల్డింగ్ చుట్టూ ఒక రౌండ్ వేసి నాలుగు వైపులా చూడాలి. పొగ ఏ రంగు, ఎంత వేగంగా వస్తోంది, మెట్లెక్కడ, సెల్లార్ ఉందా, లోపల మనుషులున్నారా. ఇది మనకి దూరం విషయం కాదు. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు, అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే, ఉద్యోగం కోసం సిటీకి వచ్చినవాళ్ళు. పొగకి ఊపిరాడక పోయారు. మంట ఒక చోట, పొగ ఇంకో చోట, మనిషి వేరే చోట ఉంటాడు. బయట నిలబడి ఈ మూడింటినీ ఊహించగలగాలి.

అందుకే ఫైర్‌మ్యాన్ ఆఫీసర్ అయ్యాక మొదటి కష్టం చేతిలో పైపు వదిలేయడమే. పదేళ్ళు లోపలికి దూకిన మనిషి బయట నిలబడి బోర్డు మీద పేర్లు రాసుకోవాలి. ఎవరు లోపల, ఎప్పుడు వెళ్ళారు, సిలిండర్‌లో గాలి ఎంత. అరగంట సిలిండర్ అంటారు కానీ, కష్టపడి ఊపిరి పీలిస్తే అరగంట రాదు.

దానికంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. 1999 డిసెంబర్ 3, అమెరికాలోనే మసాచుసెట్స్‌లో ఊస్టర్ అనే ఊరు. ఖాళీగా పడున్న పాత కోల్డ్ స్టోరేజ్ బిల్డింగ్. ఆరంతస్తులు, కిటికీలు దాదాపు లేవు, గోడల్నిండా చల్లదనం కోసం పెట్టిన కార్క్, ఫోమ్ లాంటి మండే సరుకు. లోపల ఇల్లు లేనివాళ్ళు తలదాచుకుంటారని తెలుసు, అందుకే వెతకడానికి వెళ్ళారు. ఇద్దరు ఫైర్‌ఫైటర్లు పొగలో దారి తప్పారు, రేడియోలో సాయం అడిగారు. వాళ్ళని వెతకడానికి వెళ్ళినవాళ్ళలో నలుగురు తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆరుగురు లోపల. బయట వాళ్ళ స్నేహితులు, ఇన్నేళ్ళుగా పక్కపక్క మంచాల్లో పడుకున్నవాళ్ళు, లోపలికి పోతామని తోసుకొస్తున్నారు. మైక్ మెక్‌నమీ అనే డిస్ట్రిక్ట్ చీఫ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇంక ఎవరూ వెళ్ళడానికి వీల్లేదన్నాడు. ఆరుగురూ చనిపోయారు. మంట పొరపాటున అంటించిన జంట అప్పటికే బయటికి వెళ్ళిపోయి ఉన్నారు, వీళ్ళకి తెలియదు.

ఆ తలుపు దగ్గర నిలబడటం ఏ కోర్సు నేర్పుతుంది? పూర్తిగా నేర్పలేదేమో. కానీ ఆ ప్రశ్న ముందే వేసి పెట్టొచ్చు. కాపాడగలిగే ప్రాణం ఉంటే ఎంత రిస్క్ తీసుకుంటావు, వస్తువులే ఉంటే ఎంత, ఏమీ మిగలకపోతే ఎంత. క్లాస్‌లో కూర్చుని చల్లగా ఉన్నప్పుడు దీనికి జవాబు రాసుకోని ఆఫీసర్, పొగలో నిలబడి కొత్తగా రాసుకోలేడు.

మన దేశంలో దీనికి పెద్ద బడి నాగపూర్‌లో ఉంది, నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజ్. 1956లో మొదలైంది. అక్కడ ఫైర్ ఇంజినీరింగ్‌లో డిగ్రీ కూడా ఉంది. ఈ సంగతి నాకు ఇంటర్ తర్వాత ఎవరైనా చెప్పుంటే బాగుండేది, ఏ కౌన్సెలింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. ఇందాక చెప్పిన కాలిఫోర్నియా సిస్టమ్‌ని మన పరిస్థితులకి తగ్గట్టు మార్చి, ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అనే పేరుతో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో గైడ్‌లైన్స్ ఇచ్చింది.

ఆఖరికి మళ్ళీ మాన్ గల్చ్‌కి వెళ్దాం, ఎందుకంటే ట్రైనింగ్ కూడా అక్కడికే వెళ్తుంది, నిజంగానే. దీన్ని స్టాఫ్ రైడ్ అంటారు, పాత కాలం సైన్యాల నుంచి తీసుకున్న పద్ధతి. ముందు రిపోర్టులన్నీ చదివి, తర్వాత అదే చోటికి నడిచి వెళ్తారు. ఎక్కడ దూకారు, ఎక్కడ సామాను పెట్టారు, ఎక్కడ వెనక్కి తిరిగారు, ఒక్కో చోటా ఆగుతారు. ఆగిన చోట డాడ్జ్ తప్పేంటి అని అడగరు. జరిగింది తెలిసినవాడికి తప్పు వెతకడం ఈజీ. ఇక్కడి నుంచి నీకేం కనపడుతోంది, ఇప్పటిదాకా నీకు తెలిసిందేంటి, నీ పక్కవాడికి నువ్వేం చెప్తావు అని అడుగుతారు. అదే గట్టు ఎక్కాలి, ఆయాసపడాలి. ఎవరెక్కడ పడిపోయారో అక్కడ 13 గుర్తులు ఉన్నాయి. అవన్నీ శిలువలే పెట్టారు మొదట్లో. ఒకతను యూదుడు, చాలా ఏళ్ళ తర్వాత ఆయన దగ్గర దావీదు నక్షత్రం పెట్టారు. మంట ఫొటోలు తీస్తున్నాడని చెప్పానే, ఆయనే.

డాడ్జ్ అగ్గిపుల్ల గీసిన చోటు కూడా అక్కడే ఉంది. అక్కడ నిలబడినప్పుడు మీరు డాడ్జ్ అనుకోకండి, ఆ 17 ఏళ్ళ శాలీ అనుకోండి. మధ్యాహ్నం విమానమెక్కారు. ముందు వెళ్తున్నాయన ఆగి గడ్డి అంటించాడు, ఇందులోకి రా అంటున్నాడు. ఆయనతో మీరు అప్పటిదాకా ఎన్ని మాటలు మాట్లాడి ఉంటారు?